తెర వెలగని కంప్యూటరు

స్విచ్చి వేస్తే లోపలి ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోతోంది. ముందున్న ఎర్రదీపం వెలగడం లేదు. హైమవతి స్విచ్చి ఆపింది. కాసేపాగి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే.

బందరులో ఎవరి కంప్యూటరు చెడిపోయినా హైమవతి షాపుకే తీసుకెళతారు. నీళ్ళలో పడిన లాప్‌టాపులు, పిడుగు పడి మాడిపోయినవి, వేరే ఊళ్ళలో ఇక లాభం లేదన్నవి కూడా ఆమె చేతుల్లో లేచి కూర్చున్నాయి. అలాంటి మనిషి వారం నుంచి ఒక్క పాత పెట్టె ముందు కూర్చుని ఓడిపోతోంది.

అది ఆమెకు చదువు చెప్పిన దైవసహాయం మాస్టారి కంప్యూటరు.

కంప్యూటరు అనే మాటని ఊళ్ళో జనం పేపర్లో చదవడమే తప్ప చూడని రోజుల్లో, మాస్టారు దాన్ని మద్రాసు నుంచి రైల్లో తెచ్చారు. దారంతా నిద్రపోకుండా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారట. కోనేరు సెంటరు దగ్గర ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని నేర్పడం మొదలుపెట్టారు. గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి, చేతులు కడుక్కోవాలి. ఉన్నది ఒకటే కంప్యూటరు. తమ వంతు వచ్చేదాకా ప్రతివాళ్ళూ అట్టముక్క మీద గీసిన కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళాడించాల్సిందే. ఆ అట్టలు మాస్టారే గీసేవారు. ఇంకు సీసా మూత పెట్టి గుండ్రాలు చుట్టి, ఒక్కో గుండ్రంలో ఒక్కో అక్షరం.

బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. వానాకాలం వస్తే ఇనుమే కాదు, మనుషుల కీళ్ళు కూడా పట్టేస్తాయి. ఫ్లాపీలు చెమ్మకి పాడవకుండా మాస్టారు వాటిని దాచిన బీరువాలో చిన్న బల్బు ఒకటి వేలాడదీసి రాత్రింబవళ్ళు వెలిగించి ఉంచేవారు. బీరువా తలుపు సందులోంచి పచ్చటి వెలుతురు గీతలాగా కనపడేది. ప్రింటరు మొదలుపెడితే ఆ కీచుమనే చప్పుడుకి కింద సోడాబండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

హైమవతి పెడన నుంచి బస్సులో వచ్చేది. తండ్రి బట్టల మీద అచ్చులు అద్దేవాడు. ఆయనకి సాయం చేసి వచ్చేది కాబట్టి ఆమె వేళ్ళకి ఎప్పుడూ రంగు ఉండేది. మొదటిరోజు ఆ వేళ్ళతో కంప్యూటరు ముట్టుకోవడానికి భయపడి చేతులు వెనక్కి పెట్టుకుంది. మాస్టారు ఆమె చేత మీట నొక్కించలేదు. మరలు విప్పి, కంప్యూటరు మూత తీశారు.

"ముందు ఇల్లంతా చూడమ్మా. తర్వాత మాట్లాడుదువుగాని," అన్నారు.

ఆ రోజునుంచీ ఆమెకి పెట్టె ముందువైపు కంటే లోపలే ఇష్టమైంది.

ఇప్పుడా మేడని పడగొడుతున్నారు. ఆ సంగతి తెలిసి, హైదరాబాదులో బ్యాంకులో పనిచేస్తున్న ఖాదర్ బాషా, పాత విద్యార్థులందరినీ వెతికి ఫోనులో ఒక గ్రూపు చేశాడు. చివరి ఆదివారం సాయంత్రం అందరూ ఆ గదిలోనే కలవాలి. మాస్టారిని కూర్చోబెట్టాలి. ఆయన చేత్తో ఆయన కంప్యూటరు ఒక్కసారి వెలిగించాలి. ఆ ఆకుపచ్చ అక్షరాలు మళ్ళీ చూడాలి.

"కంప్యూటరు సంగతి నాకొదిలేయండి," అని గ్రూపులో రాసింది హైమవతి.

అంత ధైర్యంగా రాసినందుకు ఇప్పుడు అనుభవిస్తోంది. ఎన్నో ఏళ్ళుగా గుడ్డ కప్పుకుని ఆ గదిలోనే ఉన్న పెట్టె అది. వారంగా రోజూ ఆ గదికే వెళ్ళి దుమ్ము దులిపింది. తుప్పు గీకింది. లోపల కరెంటు సరఫరా చేసే డబ్బాని బయటికి తీసి విడిగా పరీక్షిస్తే నిక్షేపంగా ఉంది. దాన్ని తిరిగి పెద్ద బోర్డుకి తగిలించగానే ఉలిక్కిపడి ఆగిపోతోంది. వేరే డబ్బా తెచ్చి పెట్టింది. అదీ అంతే. తీయగలిగిన కార్డులు తీసి చూసింది. మార్పు లేదు. పెద్ద బోర్డే పోయిందని తేల్చుకుంది. అలాంటి బోర్డు ఇప్పుడెక్కడా దొరకదు.

శనివారం మధ్యాహ్నం ఖాదర్ ఫోన్ చేశాడు. "హైమా, మన పెట్టె లేచిందా?"

"లేస్తుంది," అంది.

"మేం బయల్దేరుతున్నాం మరి. సుశీలైతే బళ్ళారి నుంచి వస్తోంది తెలుసా? మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. అయినా వస్తానంటోంది."

ఫోను పెట్టేశాక హైమవతి షాపుకి వెళ్ళి, అరచేతిలో పట్టే కొత్త బోర్డు ఒకటి తెచ్చింది. ఆ రోజుల్లో పాత యంత్రం తెర మీద ఏం చూపించేదో అచ్చంగా అదే చూపించేలా దాన్ని తయారుచేసింది. మూలన ఒక్కొక్కటే పెరిగే అంకెలు, ఆ తర్వాత మిణుకుమనే చిన్న గీత, అన్నీ అలాగే. దానికో పవర్ బ్యాంకు తగిలించి, రెండింటినీ పాత పెట్టెలో పెద్ద బోర్డు మీద పెట్టి మూత బిగించింది. పాత మానిటరు మాత్రం పనిచేస్తోంది, దాని ప్లగ్గు వేరు. కొత్త బోర్డు వైరు దానికి కలిపింది.

అక్షరాలు వచ్చాయి. ఆకుపచ్చగా, కొంచెం అలుక్కుపోయినట్టుగా, అప్పట్లాగే.

ఆమె ఫోనుతో వీడియో తీసి గ్రూపులో పెట్టింది. జవాబులు వరసగా వచ్చి పడ్డాయి. 'నా వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి' అని ఒకరు. 'నాకు ఆ గది వాసన కూడా వస్తోంది హైమా' అని సుశీల. హైమవతి అవన్నీ చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఆదివారం మాస్టారు అందరికంటే ముందే వచ్చారు. తెల్లచొక్కా, పంచె. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి, గుమ్మం దగ్గర ఆగి గదంతా చూశారు. బీరువా లేదు. ప్రింటరు లేదు. గోడకి మేకులు మాత్రం ఉన్నాయి. మధ్యలో బల్ల, దాని మీద కంప్యూటరు.

"రండి మాస్టారూ, కూర్చోండి. వాళ్ళు వచ్చేలోపు మీరొకసారి చూడండి," అంది హైమవతి.

పెట్టె పక్కనున్న పెద్ద స్విచ్చి ఆయన చేత వేయించింది. అదే సమయంలో వెనక దాచిన చిన్న బటన్ తను నొక్కింది.

తెర వెలిగింది. అంకెలు పెరగసాగాయి.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆయన పెదాలు మెల్లగా కదిలాయి, అంకెలతో పాటు లెక్కపెడుతున్నట్టు. ఈ ఒక్క చూపు కోసమే గదా చేసింది, పరవాలేదు, అనుకుంది హైమవతి.

ఆయన చెయ్యి చాచి పెట్టె వెనక్కి పెట్టారు. కాసేపు అలాగే ఉంచారు. దేనికోసమో వెతుకుతున్నట్టు అరచేతిని కొంచెం పైకి, కొంచెం పక్కకి జరిపారు.

తర్వాత వంగి, పెట్టెకి వెళ్ళే కరెంటు వైరుని వేళ్ళతో తడుముకుంటూ గోడదాకా వెళ్ళి ప్లగ్గు పీకారు.

తెర మీద అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి.

ప్లగ్గు ఆయన చేతిలోనే ఉంది. హైమవతి ఆ ప్లగ్గునే చూస్తూ నిలబడిపోయింది. కింద రోడ్డు మీద ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ వెళ్ళింది.

"బాగా కుదిరింది," అన్నారు మాస్టారు. "అంకెలు కూడా అదే నడకలో వస్తున్నాయి. నువ్వే తయారుచేశావా?"

"అవునండి."

"పనితనం ఉంది." ప్లగ్గుని నెమ్మదిగా నేల మీద పెట్టారు. "మరి మనదేదీ?"

"లోపలే ఉందండి. దాని మీదే దీన్ని పెట్టాను. అది పోయింది మాస్టారూ."

"ఎప్పుడు పోయింది?"

ఆమె పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"మూత తియ్యమ్మా," అన్నారాయన.

హైమవతి పెట్టెని నేల మీదకి దించింది. మాస్టారు బల్ల అంచు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నారు. కుర్చీ వేస్తానంటే వద్దన్నారు. ఆమె మరలు విప్పుతుంటే, విప్పినదాన్నల్లా అందుకుని తన చేతిరుమాలు మీద పెట్టుకుంటున్నారు. చిన్నప్పుడు ఆయన విప్పేవారు, ఆమె అందుకునేది.

మూత తీసి పక్కన పెట్టేసరికి మెట్ల మీద మాటలు వినపడ్డాయి. ఖాదర్ ముందు వచ్చాడు. వెనక మరికొందరు, అందరికంటే ఆఖర్న ఖాదర్ భార్య భుజం పట్టుకుని సుశీల. వాళ్ళ చేతుల్లో దండ, మిఠాయి పెట్టెలు. గుమ్మంలోనే అలవాటుగా చెప్పులు విప్పేశారు. లోపలికి చూసి ఆగిపోయారు.

"ఇదేంటి హైమా, విప్పేశావేం? నిన్న బ్రహ్మాండంగా వెలిగిందిగా!" అన్నాడు ఖాదర్.

హైమవతి లేచి నిలబడింది. మాస్టారు తలెత్తలేదు. ఒక మరని రుమాలు అంచుతో తుడుస్తున్నారు.

"నిన్న వెలిగింది ఇది కాదు ఖాదర్," అంది. "నేను లోపల పెట్టిన వేరే బోర్డు. మన కంప్యూటరు లేవలేదు. లేచిందని మీ అందరికీ అబద్ధం చెప్పాను."

సుశీల గోడకి ఆనుకుంది.

ఖాదర్ దగ్గరికి వచ్చాడు. అతని మొహంలో కోపం లేదు. గొంతు తగ్గించి, "పోనీలే హైమా," అన్నాడు. "అది మాత్రం నువ్వు చేసింది కాదూ? ఆ అక్షరాలు చూద్దామనేగా ఇంత దూరం వచ్చాం. మూత పెట్టెయ్. అలాగే వెలిగించు. మాకేం పట్టింపు లేదు."

అందరూ తలలూపారు. సుశీల కూడా ఊపింది.

హైమవతి మాస్టారి వైపు చూసింది. ఆయన ఇంకా ఆ మరే తుడుస్తున్నారు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అప్పట్లో కూడా అంతే, విద్యార్థి రెండు వైర్లు చేతిలో పట్టుకుని ఏది ఎక్కడ తగిలించాలా అని తేల్చుకోలేకపోతుంటే, ఆయన లేచి వెళ్ళి కిటికీలోంచి రోడ్డు చూసేవారు.

ఆమె వంగి, కొత్త బోర్డునీ పవర్ బ్యాంకునీ వైర్లతో సహా బయటికి తీసింది. తెర నల్లబడింది. వాటిని తీసుకెళ్ళి కిటికీలో పెట్టి వచ్చి, మాస్టారి ఎదురుగా నేల మీద కూర్చుంది.

మాస్టారు మరని రుమాలు మీద పెట్టారు.

"ఇప్పుడు చెప్పు. ఏమేం తీసి చూశావు?"

"కార్డులన్నీ తీశానండి."

"అన్నీనా?"

హైమవతి పెట్టెలోకి చూసింది. ఒక కార్డు ఇంకా దాని గాడిలోనే ఉంది.

"బొమ్మ కార్డు తియ్యలేదు," అంది. తెర మీద అక్షరాలు చూపించే కార్డుకి ఆ గదిలో అదే పేరు.

"ఎందుకని?"

"అది తీస్తే తెర మీద ఏమీ కనపడదు గదండీ. కనపడకపోతే..." అని ఆగిపోయింది.

మాస్టారు స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చారు.

ఆమె కార్డు పట్టుకుని అటూ ఇటూ కదిపింది. ఇన్నేళ్ళ తుప్పుకి గట్టిగా పట్టేసి ఉంది. బొటనవేళ్ళు రెండూ పెట్టి లాగితే కిర్రుమని పైకి వచ్చింది. అందరూ ముందుకు వంగారు.

"ఫ్యాను ఆపండి," అన్నారు మాస్టారు.

ఖాదర్ వెళ్ళి పైనున్న ఫ్యాను ఆపాడు. రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. గదిలో ఉక్క ఒక్కసారిగా మీద పడింది. సుశీల పైట చెంగుతో మెడ తుడుచుకుంది.

మాస్టారు ప్లగ్గు తీసి ఖాదర్‌కి అందించారు. అతను గోడలో పెట్టాడు. ఆయన హైమవతి వైపు చూసి కళ్ళతోనే స్విచ్చి చూపించారు.

వేసింది.

లోపలి ఫ్యాను ఉలిక్కిపడింది. ఆగలేదు. బరువుగా, గరగరమంటూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. గరగర పోయి సన్నటి హోరు అందుకుంది. ముందున్న ఎర్రదీపం వెలిగింది.

తెర మాత్రం నల్లగానే ఉంది.

లోపల ఏదో చిన్నగా టిక్కుమంది. చాలాసేపటి వరకూ ఇంకేమీ లేదు. ఇక ఏమీ రాదనుకుంటుండగా, పెట్టె లోపలి నుంచి కూత వచ్చింది. ఒకటి పొడుగ్గా, దాని వెంటే రెండు పొట్టిగా.

"బొమ్మ కార్డు లేదంటోంది సార్!" అని అరిచాడు ఖాదర్. అరిచాక తన గొంతు విని తనే సిగ్గుపడ్డాడు. బ్యాంకు మేనేజరు, తల సగం నెరిసినవాడు, ముందు బెంచీలో కుర్రాడిలా చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

కరెంటు వచ్చాక యంత్రం తనని తాను చూసుకుంటుంది, లోపముంటే కూతపెట్టి చెబుతుంది. ఏ కూతకి ఏం అర్థమో మాస్టారు వాళ్ళందరిచేతా వల్లె వేయించారు. వంతు రానివాళ్ళకి అదే పాఠం. కళ్ళు మూసుకుని విని చెప్పాలి.

"కూర్చో. కరెక్టే," అన్నారు మాస్టారు. నవ్వారు. ఆయన నవ్వితే పై వరసలో పళ్ళు లేవని అప్పుడే అందరూ చూశారు.

"ఇంకోసారి మాస్టారూ," అంది సుశీల. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "ఇంకోసారి వేయించండి."

హైమవతి ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే కూత. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. ఈసారి ఎవరో దానితో పాటు నోటితో పలికారు. ఇంకెవరో పకపకా నవ్వారు. దండ సంగతి, మిఠాయిల సంగతి మర్చిపోయి అందరూ నేల మీద కూర్చుండిపోయారు. సుశీల కాలు చాపుకుని కూర్చుంది. 'నీ అట్టముక్క దొంగిలించింది నేనేరా' అని ఒకరు, 'నాకు తెలుసులే, మీ తమ్ముడు అప్పుడే చెప్పాడు' అని ఒకరు. మాస్టారు మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తున్నారు. పేర్లు కొన్ని గుర్తుకు రాలేదు. ఎవరు ఎక్కడ కూర్చునేవారో మాత్రం అందరికీ చెప్పారు.

హైమవతి ఆ మాటల్లో కలవలేదు. పెట్టె వెనక అరచెయ్యి పెట్టి ఉంచింది. గోరువెచ్చటి గాలి తగులుతోంది. కాలిన దుమ్ము వాసన, ఇనుము వాసన. రంగు మరకల వేళ్ళకి మొదటిసారి ఆ గాలి తగిలిన రోజు ఆమెకి గుర్తొచ్చింది. లోపల ఏదో బతికి ఉందనిపించి అప్పుడు చటుక్కున చెయ్యి లాగేసుకుంది. ఇప్పుడు లాక్కోలేదు.

చీకటి పడే వేళకి అందరూ మాస్టారి కాళ్ళకి దండం పెట్టి, ఖాదర్ తెచ్చిన కారులో బస ఉన్న చోటికి బయల్దేరారు. మెట్లు దిగుతూ కూడా ఎవరో ఆ కూత పెడుతున్నారు.

గదిలో ఇద్దరే మిగిలారు. హైమవతి బొమ్మ కార్డుని దీపం కింద పట్టుకుని చూస్తోంది. ఒక అంచున కందిగింజంత ముక్క ఒకటి పగిలి నల్లబడి ఉంది. అదే కరెంటు మొత్తాన్ని మింగేసి యంత్రాన్ని లేవనివ్వకుండా చేస్తోందని ఆమెకి అర్థమైంది. వారం నుంచీ కరెంటు డబ్బా ప్రతిసారీ ఉలిక్కిపడి ఆగిపోయింది అందుకే. మిగతాదంతా కాలిపోకుండా ఆ డబ్బాయే కాపలా కాసింది. ఆమె వారమంతా దాన్నే తిట్టుకుంది.

"ఈ ముక్క ఒక్కటీ తీసేస్తే అక్షరాలు కూడా వస్తాయేమో మాస్టారూ," అంది. గొంతులో తొందర. "షాపుకి వెళ్ళి టంకం పెన్ను తెచ్చేస్తాను. మీరిక్కడే కూర్చోండి, ఇప్పుడే..."

"ప్రాణం ఉందని తెలిసింది గదమ్మా," అన్నారు మాస్టారు. బల్ల పట్టుకుని లేచారు. "చూపు సంగతి రేపు చూద్దాం."

"రేపు ఈ గది ఉండదు గదండీ."

"నీ షాపు ఉంటుంది గదా."

ఆయన రుమాలు మీది మరలన్నీ మూటగట్టి ఆమె చేతిలో పెట్టారు.

"పొద్దున్నే వస్తాను. నాకో స్టూలు వేసి ఉంచు."